వందలో మన చేతిలోని యాభై

నా డెస్కు సొరుగులో చార్జర్ల మధ్య దర్జీ టేపొకటి ఉంటుంది. మాదాపూర్‌లో మా ఫ్లోరంతటికీ అది తెలుసు. ఎవరైనా వచ్చి "అన్నా, నా స్కోరెంతో చూడవా" అంటే రెండు మూడు ప్రశ్నలడిగి, నడుము కొలిచి, లెక్క చెబుతాను.

లెక్క నాది కాదు. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో వెలువరించిన ‘ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్’ అది. సూది గుచ్చే పని లేదు. వయసు 35 నిండితే 20 మార్కులు, 50 నిండితే 30. అమ్మానాన్నల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లుంటే 10, వంద ఉంటే 20. ఆడవాళ్లకు ఆ హద్దులు 80, 90. కుర్చీ ఉద్యోగం, వ్యాయామం సున్నా అయితే ఏకంగా 30. మొత్తం వందలో 60కి చేరితే ముప్పు ఎక్కువ.

కిటుకంతా కొలవడంలోనే ఉంది. "ముప్పై నాలుగే కదా" అని ప్యాంటు సైజు చెప్పేస్తారు. ప్యాంటు పొట్ట కిందికి జారి నిలబడుతుంది కాబట్టి ఆ అంకె పనికిరాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో టేపు పడాలి. టేపు తగలగానే ఎవరి పొట్టయినా లోపలికి పోతుంది. అందుకే "ఈ వీకెండ్ రిలీజుందా?" అని కబుర్లలోకి దించుతాను. జవాబు చెప్పి ఊపిరి వదిలేసరికి అసలు అంకె బయటపడుతుంది.

మొన్న ఒక టెస్టర్ వచ్చాడు. వయసు 38, నాన్నకు షుగరు, నడుము 94, వ్యాయామం లేదు. మొత్తం 70. "నేను లావు కాదు కదన్నా!" అన్నాడు. నిజమే, కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నాయి. కానీ మనవాళ్లకు కొవ్వు ముందు పొట్ట లోపల, కాలేయంలో చేరుతుంది. ఇన్సులిన్ పనికి అడ్డుపడేది ఆ కొవ్వే. హైదరాబాద్ యూనివర్సిటీ పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉన్నట్టు తేలింది.

వయసు 30, వారసత్వం 20. ఈ యాభై మార్కుల జోలికి మనం పోలేం. తక్కిన యాభై నడుముదీ కదలికదీ. ఆ టెస్టర్ రోజూ నడిచి, నడుము 90 లోపుకి తెచ్చుకుంటే కనీసం 20 తగ్గి 50కి దిగుతాడు. ఇది కాగితం లెక్కే కాదు. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు బార్డర్‌లో ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టిన వాళ్లలో 55 శాతం మందికి షుగరొచ్చింది. తిండీ నడకా మార్చుకున్న వాళ్లలో 39 శాతం మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవాళ్లలోనూ దాదాపు అంతే.

స్కోరు జబ్బును తేల్చదు, ఎవరు ల్యాబుకి వెళ్లాలో చెబుతుంది. 60కి చేరితే పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ చేయించుకోవాల్సిందే. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే బార్డర్, 6.5 నుంచి షుగరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది, మరో 13.6 కోట్ల మంది బార్డర్‌లో ఉన్నారు. వెనక్కి మళ్లే వీలు ఎక్కువగా ఉన్నది ఈ రెండోవాళ్లకే.

అయితే కదలికకు పడే ఆ 30 మార్కులు ఉద్యోగి ఒక్కడి బద్ధకం వల్ల పడినవి కావు. పొద్దున స్టాండప్ మీటింగుతో మొదలై రాత్రి అమెరికా కాల్‌తో ముగిసే రోజులో నడక ఎక్కడ ఇముడుతుంది? మా టీమ్‌లో స్క్రీన్ చూడనక్కర్లేని కాల్స్‌ని నడుస్తూ మాట్లాడుకోవచ్చని మేనేజరుతో ఒప్పందం చేసుకున్నాం. ఏటా మాస్టర్ హెల్త్ చెకప్‌కి డబ్బు కట్టే కంపెనీలు రోజుకో అరగంట నడకను పని గంటల్లోనే కలిపితే, ఆ రిపోర్టులు చూసి కంగారు పడేవాళ్లు తగ్గుతారు.