రాని రోజు డబ్బులు

పిల్లల్ని తమ ఇంట్లో పెట్టుకుని చూసే ఆడవాళ్లకూ తల్లిదండ్రులకూ మాట తేడా వచ్చేది ఎక్కువగా ఒక్కచోటే, పిల్లాడు రాని రోజుల డబ్బుల దగ్గర. నరసరావుపేటలో ఏ వీధిలోనైనా వినపడే సంగతే ఇది. తల్లి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తమ్ముడి పెళ్లికని పిల్లాణ్ని తీసుకుని పది రోజులు మాచర్లలో పుట్టింటికి వెళ్లొస్తుంది. నెలాఖరున డబ్బులు చేతిలో పెడుతూ, "పది రోజులు రాలేదు గదా పిన్నీ, అయ్యి పట్టుకుని ఇస్తన్నా" అంటుంది. పిన్నికి నోరు పెగలదు. వరస పెట్టి పిలుచుకున్నాక రూపాయల లెక్క ఎత్తడం ఇద్దరికీ కష్టమే.

లెక్క మాత్రం ఎత్తాల్సిందే. నెలకు 3,000 రూపాయలు అనుకుందాం. ఆదివారాలు తీసేస్తే ఇరవై ఆరు రోజులు. పది రోజులకు కోస్తే పోయేది 1,150 పైచిలుకు. ఆ పది రోజుల్లో ఆమెకు ఖర్చు తగ్గిందెంత? కాసిని పాలు, గుప్పెడు బియ్యం. ఇంటి అద్దె తగ్గలేదు. మిగిలిన ముగ్గురు పిల్లల్ని కనిపెట్టుకుని రోజంతా ఇంటిపట్టునే ఉండటమూ తప్పలేదు. పోనీ ఆ పది రోజులకు ఇంకో బిడ్డను పెట్టుకుందామా అంటే, పదకొండో రోజు ఈ పిల్లాడు గుమ్మంలో ఉంటాడు. ఆ తల్లి నెలనెలా డబ్బు కట్టేది తన బిడ్డకంటూ ఆ ఇంట్లో ఉంచిన చోటుకి. సంక్రాంతి సెలవులకు స్కూలు ఫీజు తగ్గించమని ఎవరూ అడగరు గదా.

ఇదే న్యాయం రెండోవైపూ నడవాలి. ఆమెకు జ్వరమొచ్చినా, కోటప్పకొండ తిరనాళ్లకు వెళ్లినా, ఆ రోజు డబ్బు ఆమె వదులుకోవాలి. తిరనాళ్ల తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి వారం ముందే చెప్పాలి. సెలవు పెట్టుకోవడమో, అత్తగారిని పిలిపించుకోవడమో తల్లి చూసుకుంటుంది. తల్లే బిడ్డను తీసుకుని నెల, రెండు నెలలు వెళ్లాల్సివస్తే సగం డబ్బు కట్టి చోటు నిలుపుకోవచ్చు. పూర్తిగా మానిపించాలంటే నెల ముందు చెప్పాలి. పిల్లాడు వచ్చిన మొదటి రోజే ఈ నాలుగు మాటలూ అనుకుంటే, ఆ నెలాఖరున పిన్ని నోరు మూతపడేది కాదు.

బిడ్డను ఇలా ఒకరింట్లో వదలాల్సిన అవసరం ఎవరికి, ఎందుకు వస్తుందో చూస్తే లెక్క ఇంకా స్పష్టమవుతుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమైంది. బడులు, ఆసుపత్రులు, బ్యాంకులకు తోడు జిల్లా కార్యాలయాలూ ఇక్కడే, వాటిలో పనిచేసే తల్లులూ ఇక్కడే. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో వచ్చిన సవరణతో ఆ సెలవు 26 వారాలైంది. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థ పిల్లల్ని చూసే గది ఏర్పాటు చేయాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలనీ అదే చట్టం చెప్పింది. ఇరవై మంది పనిచేసే నర్సింగ్ హోముకు, పదిహేను మంది టీచర్లున్న బడికి ఆ నిబంధన వర్తించదు. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకంతో మొదలైన అంగన్వాడీల్లో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన పిల్లలకే. అంతకంటే చిన్నవాళ్లకు అందేది ఇంటికి తీసుకెళ్లే పోషకాహారం. అంటే తల్లి సెలవు అయిపోయిన నాటి నుంచి బిడ్డకు మూడేళ్లు వచ్చేదాకా రెండున్నరేళ్లు, చాలామంది తల్లుల విషయంలో సర్కారూ యజమానీ ఇద్దరూ పట్టించుకోని కాలం. దాన్ని భుజాన వేసుకున్నది వీధి చివరి పిన్నే.

గురజాల, మాచర్ల వైపు పల్లెల్లో ఈ కథ వేరుగా ఉంటుంది. అక్కడ దాన్ని నడిపేది మిరప. కోతల కాలంలో తెల్లారకముందే కూలీల ఆటోలు కదులుతాయి. చంటిబిడ్డల తల్లులు కూడా ఏడాదిలో నాలుగు డబ్బులు చూసేది అప్పుడే. మరి బిడ్డల్ని చూడాల్సిన మనిషికి మాత్రం కోతకు పోయి నాలుగు డబ్బులు తెచ్చుకోవాలని ఉండదా? పట్నంలో నెలకు ఒకటే రేటు సరిపోతుంది గానీ పల్లెలో కోతల రోజుల రేటు వేరుగా మాట్లాడుకోవాలి. ఆ రోజు కూలి ఎంతుందో చూసి, అందులో వంతు కట్టాలి. లేకపోతే ఆమె కూడా ఆటో ఎక్కుతుంది. అప్పుడు బిడ్డను చంకనేసుకునేది బడి మానిన పదేళ్ల అక్క.

ఈ లెక్కకు దారి చూపింది ఉపాధి హామీ చట్టం. 2005లో ఆ చట్టం వచ్చినప్పుడే, పని చోటుకు వచ్చే చిన్నపిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే కూలీల్లో ఒకామెను వాళ్లను చూడటానికి పెట్టాలనీ, ఆమెకూ కూలి ఇవ్వాలనీ రాశారు. పలుగు పట్టిన చేతికీ, బిడ్డను పట్టిన చేతికీ ఒకే కూలి. మిరపచేలో ఆ చట్టం లేదు గానీ ఆ లెక్కను వాడుకోవడానికి అడ్డమేమీ లేదు. పదిమంది ముఠాలో ఒకరు పిల్లల దగ్గర ఆగి, చేలోకి పోయిన తొమ్మిది మందీ తమ కూలిలో పదో వంతు ఆమెకు ఇస్తే పదిమందికీ సమానంగా ముడుతుంది. గుజరాత్‌లో మహిళా కార్మికుల 'సేవా' సంఘం ఖేడా జిల్లా పొగాకు కూలీల పిల్లల కోసం కేంద్రాలు పెట్టింది. అహ్మదాబాద్‌లో ఇదే పనికి 1986లో 'సంగిని' అనే సహకార సంఘమే ఏర్పడింది. తల్లుల పని వేళలను బట్టి కేంద్రం వేళలు, తల్లుల నుంచి ఎంతో కొంత రుసుము వాటి పద్ధతి. పొగాకు సంగతి, దాని ఘాటులో పనిచేసే ఆడవాళ్ల సంగతి గుంటూరు సీమకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

సర్కారు శిశు సంరక్షణ కేంద్రాలు కూడా పూర్తిగా ఉచితంగా నడవలేదు. అప్పటి జాతీయ క్రెష్ పథకం నిబంధనల్లో పేద కుటుంబానికి నెలకు 20 రూపాయలు, 12,000 దాకా ఆదాయముంటే 100, దాటితే 200 అని రుసుము పెట్టారు. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరవాలన్నారు. అక్కడ జీతాలు భరించింది గ్రాంటు. పిన్నికి ఏ గ్రాంటూ లేదు కాబట్టి ఆమె రేటును ఆ రుసుములతో పోల్చడం అన్యాయం. రికార్డుల్లో పేరుండి, యూనియన్లున్న అంగన్వాడీలకే పిల్లల్ని చూడటం ఉద్యోగమని ఒప్పించడం తేలిగ్గా లేదు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. అయినా 11,500 రూపాయల వేతనం పెంచాలని, గ్రాట్యుటీ అమలు చేయాలని 2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రమంతటా 42 రోజులు సమ్మె చేయాల్సొచ్చింది. ఇంట్లో పిల్లల్ని చూసే మనిషి ఎవరితో కలిసి సమ్మె చేస్తుంది?

డబ్బు తర్వాత పట్టుబట్టాల్సింది పిల్లల సంఖ్య మీద. ఇది తల్లుల పక్షాన అడగాల్సిన మాట. ఇంగ్లండ్‌లో ఇంట్లో పిల్లల్ని చూసే మనిషి దగ్గర మామూలుగా ఎనిమిదేళ్ల లోపువాళ్లు ఆరుగురికి మించకూడదు. అందులో ఐదేళ్ల లోపువాళ్లు ముగ్గురు, ఏడాది నిండనిది ఒక్కరు, సొంత పిల్లలతో కలిపే. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో ఇలాంటి ఇళ్లల్లో డబ్బుకు చూసే పిల్లలు ఐదుగురే. ఇక్కడ అడ్డుకట్ట వేసేవాళ్లు లేరు కాబట్టి, "మొత్తం ఎంతమందిని చూస్తావు పిన్నీ" అని తల్లే అడగాలి, ఆమే ఓ సంఖ్య చెప్పి నిలబడాలి.

మందుల దగ్గర మొహమాటం అసలు పనికిరాదు. పారాసిటమాల్ సిరప్‌లో 5 ఎం.ఎల్.కు 125 మిల్లీగ్రాములు ఉండే సీసా ఉంది, 250 ఉండేదీ ఉంది. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఉంటుంది. "ఒళ్లు కాలితే ఆ జ్వరం మందు కాస్త పోయి" అని సంచిలో సీసా పడేసి పోతే, ఆ కాస్త ఎంతో పిన్నికేం తెలుసు? ఎన్ని ఎం.ఎల్., ఎన్ని గంటలకు అన్నది తల్లి కాగితం మీద రాసి ఇవ్వాలి. పోసే ముందు ఫోనులో ఓ మాట అనుకోవాలి. ఆటలమ్మ పోసినా, కళ్లకలక వచ్చినా తగ్గేదాకా పిల్లాణ్ని పంపకూడదు. ఆ రోజుల డబ్బు మాత్రం కట్టాలి. తల్లికి ఇది బరువే. పక్క ముగ్గురు బిడ్డలకు అంటుకుంటే వచ్చే బరువు ఇంకా పెద్దది.

సాయంత్రం వేళ కూడా ఖాయం చేసుకోవాలి. పిడుగురాళ్ల బస్సు ఆలస్యమైతే అరగంట ఓర్చుకోవచ్చు. రోజూ అరగంటైతే దానికి వేరే డబ్బు.

ఇవన్నీ రాసుకుందామంటే, "మన మధ్య కాగితాలేంటి" అనే జవాబొస్తుంది. పొదుపు సంఘాల్లో ఉన్న ఆడవాళ్లు ఆ మాట అనకూడదు. సమావేశం పెట్టుకోగానే తీర్మానం రాసి, కింద సంతకాలు చేసేది వాళ్లే. అప్పు తీసుకున్నదీ పక్కింటావిడే, ఆమె పేరు పుస్తకంలో రాసేదీ పక్కింటావిడే, దానికెవరూ చిన్నబుచ్చుకోరు. పిల్లల సంగతికీ ఓ పేజీ చాలు: నెల డబ్బు, ఇచ్చే తేదీ, వేళలు, సెలవులు, పిల్లల సంఖ్య, జ్వరమొస్తే ఎవరికి ఫోను చేయాలి, సాయంత్రం ఎవరొస్తే బిడ్డను అప్పగించాలి. వార్డు సచివాలయంవాళ్లు అలాంటి పేజీ ఒకటి నమూనాగా తయారుచేసి సంఘాలకు పంచితే, నరసరావుపేట వార్డుల్లో వచ్చే నెల నుంచే వాడుకోవచ్చు.