నల్లరాయిని లొంగదీసిన చేతులు

రామప్ప గుడి వాకిట నిలబడి తల పైకెత్తితే, స్తంభానికీ చూరుకూ మధ్య ఏటవాలుగా ఒరిగి నిలిచిన మదనికలు కనిపిస్తారు. మూడు వాకిళ్లకూ కలిపి పన్నెండు మంది. ఒకామె ఒంటికి పాము చుట్టుకున్న నాగిని. మరొకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు. అందరూ సన్నగా, పొడుగ్గా, నడుము ఒక పక్కకు విరిచి నిలబడతారు. నిగనిగలాడే ఆ నునుపు చూసి కొందరు యాత్రికులు పోతపోసిన లోహం అనుకుంటారు. అది రాయి. అందులోనూ మన నేలలో దొరికే అతి మొండి రాళ్లలో ఒకటి, డోలరైట్ అనే నల్లరాయి. భూగర్భంలోని శిలాద్రవం గ్రానైటు పగుళ్లలోకి ఎగదన్నుకొచ్చి, అక్కడే చల్లారి, బిగుసుకుపోయి ఇలా తయారవుతుంది.

శిల్పం గొప్పతనం మాట్లాడేవాళ్లు ముందు రాయి సంగతి మాట్లాడాలి. బేలూరు, హళేబీడు పేర్లు దేశమంతా తెలుసు. ఆ శిల్పులకూ చేతులెత్తి మొక్కుతాను. కానీ హొయసల శిల్పి ఉలి పెట్టింది బలపపు రాయి జాతి మీద. గనిలోంచి తీసిన కొత్తలో అది మెత్తగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అల్లికపనిలాంటి ఆ చెక్కడానికి ఆ మెత్తదనం తోడు వచ్చింది. రామప్పను చెక్కిన కాకతీయ శిల్పికి అలాంటి తోడు లేదు. మొదటి దెబ్బ నుంచి చివరి మెరుగు దాకా రాయి ఎదురు తిరుగుతూనే ఉంటుంది. అలాంటి రాతిలో వేలి కణుపులు, గొలుసు పేటలు, అంచు మడతలు తీసినవాళ్లకు దక్కాల్సిన కీర్తిలో సగం కూడా ఇంకా దక్కలేదని నా గట్టి నమ్మకం.

ఈ గుడి చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని శాసనం చెబుతోంది. పని పూర్తవడానికి నలభై ఏళ్లు పట్టిందంటారు. దేవుడు రుద్రేశ్వరుడే అయినా జనం నాలుక మీద నిలిచింది రామప్ప పేరు. ఆయనే ప్రధాన శిల్పి అని ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. తెలుగు నేల మీద ఆ గౌరవం పొందిన తొలి కట్టడం ఇదే.

ఆ మేస్త్రీల తెలివి తెలియాలంటే గుడిని కింది నుంచి పైకి చదవాలి. పునాది గొయ్యి తవ్వి, అందులో ఇసుక నింపి, దాని మీద రాతి పీఠం లేపారు. బిగించి పెట్టిన ఇసుక బరువును మోస్తుంది, భూమి అదిరితే ఆ కుదుపును కొంత తనలో కలుపుకుంటుంది. ఆ ఇసుకలో బెల్లం, కరక్కాయ కలిపారని కూడా చెబుతారు. లోపల మండపం నేల ఎగుడుదిగుడుగా కుంగింది, కొన్ని దూలాలు పగిలాయి, అయినా గుడి నిలబడే ఉంది. ఇలాంటి పునాది మీదే లేచిన హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి మళ్లీ కట్టినప్పుడు ఈ ఇసుక పునాది సంగతి ఈ కాలపు ఇంజనీర్లకు అనుభవంలోకి వచ్చింది. ఏళ్ల తరబడి సాగిన ఆ పని ముగిసి, మండపం 2024లో తిరిగి తెరుచుకుంది.

పీఠం మీద గోడలకు ఎర్రని ఇసుకరాయి వాడారు. గోడ చుట్టూ వరసగా ఏనుగులు నడుస్తుంటాయి. బరువు మోసే స్తంభాలకు, దూలాలకు గ్రానైటు, డోలరైట్. కంటికి దగ్గరగా ఉండి, నునుపు తేలాల్సిన చోట నల్లరాయి. ఇక గర్భగుడి మీది శిఖరానికి రాయే వద్దనుకున్నారు. అక్కడ ఇటుక పెట్టారు. నీళ్లలో వేస్తే తేలే ఇటుక! మట్టిలో ఊకలాంటిదేదో కలిపి కాలిస్తే అది మండిపోయి లోపల గుల్లలు మిగులుతాయని, అందుకే అంత తేలిక అని అంటారు. ఏది కలిపినా, ఇసుక మీద నిలిచిన గుడికి తల మీద బరువు తగ్గించాలన్న లెక్క మాత్రం స్పష్టం. ఇసుక, ఇసుకరాయి, గ్రానైటు, డోలరైట్, కాల్చిన మట్టి. ఒక్కోదాని గుణం తెలిసి ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించిన ఆ బుర్రకు ఏ పట్టా ఇవ్వాలి?

గర్భగుడికి ఎదురుగా నంది. కాళ్లు ముడిచి పడుకున్న ఎద్దు కాదు, పిలిస్తే లేచేట్టు చెవులు రిక్కించిన ఎద్దు. మెడలో గంటల పట్టెడ, వీపు మీద గొలుసులు. గర్భగుడి ద్వారం పక్క పొన్నచెట్టు ఎక్కి గోపికలతో ఆడుకునే కృష్ణుడు. ఆ రాతిని వేలితో మీటితే స్వరాలు పలుకుతాయి. ద్వారం ఇరువైపులా రాతిని తొలిచి తీసిన జాలీల్లో నర్తకులు, మద్దెలగాళ్లు. కొన్ని సందుల్లో సూది మాత్రమే పడుతుంది. జాయప సేనాని నృత్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళి రాసింది ఈ గుడి మొదలైన చాలా ఏళ్లకు. అంటే ఆ గ్రంథం రాకముందే ఈ చేతులకు ఆ భంగిమలు తెలుసు. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడు ఈ శిల్పాల దగ్గరే కూర్చున్నారు. ఏడు వందల ఏళ్ల తర్వాత ఒక నాట్యాచార్యుడికి పాఠం చెప్పగల రాళ్లివి.

ఇంత పని జరగాలంటే ముందు రాయిని ఎంచుకోవాలి. సుత్తితో తట్టి చెవి పెడతారు. గంటలా ఖంగుమంటే పుంశిల, మూలమూర్తికి పనికొస్తుంది. తాళంలా మృదువుగా పలికితే స్త్రీశిల. మొద్దుగా మోగితే నపుంసక శిల, దాన్ని పునాదులకు వాడతారు. లోపల కంటికి కనబడని పగులుంటే ఆ మోతలోనే దొరికిపోతుంది. ఆ తర్వాత గీత, లావు ఉలి, సన్న ఉలి, చివర నీళ్లు పోస్తూ రాతితో రాతిని రుద్దే మెరుగు.

ఉలి సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. నల్లరాయి మీద ఉలి మొన ఎక్కువసేపు నిలవదు. అందుకే చెక్కేవాడి పక్కన కొలిమి మండుతూ ఉండాలి. మొనను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి తీసి, ఉక్కు మీద పాకే రంగును బట్టి సరైన క్షణంలో మళ్లీ ముంచాలి. క్షణం అటైతే మొన బిరుసెక్కి చిట్లుతుంది, ఇటైతే మెత్తబడి వంగుతుంది. చిట్లిన మొన ముక్కు కొన మీద జారితే నెలల పని పోయినట్టే. ఈ విద్య తెలిసిన కమ్మరి లేకుండా ఏ మదనికా పుట్టలేదు.

ఈ చేతులు అంతరించలేదు. ఆళ్లగడ్డలో, పల్నాడు దుర్గిలో శిల్పుల వీధులు ఇంకా ఉన్నాయి, రెండు ఊళ్ల పనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎస్.ఎం. గణపతి స్థపతి గారు రాయగిరి గ్రానైటులో మలిచిన బుద్ధుడు 1990లో పడవ ఒరిగి హుస్సేన్ సాగర్‌లో మునిగాడు. 1992లో పైకి తీస్తే చెక్కుచెదరకుండా నిలబడ్డాడు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్నా ఆ మొహంలో ప్రశాంతత చెదరలేదు. యాదగిరిగుట్టను కృష్ణశిలతో కొత్తగా కట్టినప్పుడు వందల మంది శిల్పులు ఉలి పట్టారు. అవకాశం ఇస్తే మనవాళ్లు ఏం చేయగలరో జనం కళ్లారా చూశారు.

మరి ఊరూరా జరుగుతున్నదేమిటి? సిమెంటు ముద్దకు నల్ల ఎనామిల్ రంగు పూసి రాతి విగ్రహమని అమ్ముతున్నారు. రెండు వానాకాలాలకు రంగు పొరలు లేచి లోపలి ఇనుప చువ్వ బయటపడుతుంది. మరోపక్క కంప్యూటరు మీట నొక్కితే యంత్రం గీరి ఇచ్చే అమ్మవార్లు, వందమందికీ ఒకే మొహం. అన్నిటికన్నా కడుపు మండేది జీర్ణోద్ధరణ పేరుతో జరిగే దారుణం. కాకతీయుల కాలపు ద్వారబంధాలకు ఆకుపచ్చ రంగు కొడతారు, గర్భగుడిలో స్నానాలగది టైల్సు పరుస్తారు, శిల్పాల మీద ఇసుక గాలి కొట్టి ఆ నాటి మెరుగును గీకేస్తారు. ఎనిమిది వందల ఏళ్లు ఎండావానా చేయలేని పని ఒక్క కాంట్రాక్టరు వారంలో పూర్తి చేస్తున్నాడు. ఇటు కరీంనగర్ గుట్టలు పలకలు పలకలుగా విదేశాలకు పోతుంటే, ఇక్కడి శిల్పి మంచి రాయి కోసం వెతుక్కుంటున్నాడు. గడువు తరుముతుంటే ఉలి వదిలి గ్రైండరు పట్టి, మూతికి గుడ్డ కట్టుకుని రాతిపొడి పీలుస్తున్నాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మందు లేదు.

గుడి కమిటీల పెద్దలకు చేతులు జోడించి అడుగుతున్నాను. విగ్రహం చేయించాలంటే రోడ్డు పక్క షెడ్డుకు కాదు, ఆళ్లగడ్డకో దుర్గికో వెళ్లండి. ఏ రాయో అడగండి, తట్టించి వినండి. ఆరు నెలలు అడిగితే ఆరు నెలలూ ఇవ్వండి. తిరుపతిలో దేవస్థానం నడిపే శిల్ప కళాశాల నుంచి ఏటా కుర్రాళ్లు చదువు ముగించి బయటికొస్తున్నారు. దేవాదాయ శాఖ తన టెండర్లలో రాయి జాతి, చేతిపని అన్న రెండు మాటలు తప్పనిసరి చేస్తే చాలు, వాళ్లలో సగం మంది ఇంకో ఉద్యోగం వెతుక్కోరు.