ఈసారి మన స్థానం ఎవరిది? నియోజకవర్గ అంచనాలపై ఒక విమర్శ

ఎన్నికల షెడ్యూలు వెలువడిన నాటి నుండి ఓట్ల లెక్కింపు రోజు వరకు దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక తరహా రచన క్రమం తప్పకుండా కనిపిస్తుంది. ఒక్కో నియోజకవర్గాన్ని తీసుకొని, అక్కడ పోటీలో ఉన్నదెవరు, ఎవరి బలమెంత, చివరికి గట్టెక్కేదెవరు అని చెప్పే రచన అది. కథను, కవితను విమర్శనాత్మకంగా ఎలా చదవాలో మీరు సాహిత్య పాఠాలలో నేర్చుకొన్నారు. ఈ రచనను కూడా అంతే శ్రద్ధగా చదవవలసిన అవసరం ఉంది. కథ బాగాలేకపోతే పుస్తకం మూసి పక్కన పెడతాం. ఈ రచనను చదివినవారు మాత్రం వారం తిరగకముందే వెళ్ళి ఓటు వేస్తారు.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. రాష్ట్రంలో ఏ పార్టీ గెలుస్తుందో చెప్పడం, ఫలానా స్థానంలో ఫలానా వ్యక్తి గెలుస్తారని చెప్పడం ఒకే రకమైన పనా? కాదని నా అభిప్రాయం. మొదటి పనిని నేడు చాలావరకు చేయగలుగుతున్నారు. రెండవ పనిని చేయగలుగుతున్నట్లు కనిపిస్తున్నారు, అంతే.

నాగర్‌కర్నూల్ లెక్క

మీరు బిజినేపల్లి మండలంలో ఓటరు అనుకోండి. మీ ఇల్లు పాలెంలో ఉండవచ్చు, వట్టెంలో ఉండవచ్చు, నంది వడ్డెమాన్‌లో ఉండవచ్చు. మీ ఓటు నాగర్‌కర్నూల్ శాసనసభ స్థానానికి చెందుతుంది. 2023 ఎన్నికలకు ముందు ఈ స్థానంపై అంచనా రాయడానికి కూర్చున్న విలేకరి ముందు ఏయే వివరాలు ఉండేవో చూడండి.

2014లో టి.ఆర్.ఎస్. అభ్యర్థి మర్రి జనార్దన్ రెడ్డి ఇక్కడ గెలిచారు. అప్పుడు కాంగ్రెస్ తరఫున ఓడినవారు కూచుకుళ్ళ దామోదర్ రెడ్డి. 2018లో మళ్ళీ మర్రి జనార్దన్ రెడ్డే గెలిచారు. ఈసారి కాంగ్రెస్ అభ్యర్థి నాగం జనార్దన్ రెడ్డి. ఇదే స్థానం నుండి పలుమార్లు గెలిచి, మంత్రిగా కూడా పనిచేసిన నాయకుడు. అంతటి నాయకునిపై వచ్చిన ఆధిక్యం 54 వేల పైచిలుకు. 2014 తరువాత దామోదర్ రెడ్డి శాసనమండలి సభ్యులై, టి.ఆర్.ఎస్.లో చేరారు. 2023 పోలింగుకు కొద్ది వారాల ముందు నాగం జనార్దన్ రెడ్డి కాంగ్రెస్‌ను వీడి, అప్పటికి బి.ఆర్.ఎస్.గా పేరు మారిన ఆ పార్టీలోనే చేరారు.

ఇక్కడ మన విలేకరి కూడిక మొదలుపెడతారు. గతసారి గెలిచిన అభ్యర్థే మళ్ళీ బరిలో ఉన్నారు. గతసారి ఓడిన అభ్యర్థి కూడా వచ్చి ఆయన పక్షాన నిలిచారు. ఇద్దరి ఓట్లూ కలిస్తే ఆధిక్యం ఇంకా పెరగాలి. కాగితం మీద ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మరి జరిగిందేమిటి? దామోదర్ రెడ్డి కుమారుడు డాక్టర్ కూచుకుళ్ళ రాజేశ్ రెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేసి, 5 వేల పైచిలుకు ఓట్లతో మర్రి జనార్దన్ రెడ్డిని ఓడించారు. యాభై వేలు దాటిన ఆధిక్యం ఐదేళ్ళలో కరిగిపోవడమే కాకుండా తారుమారయింది.

ఆ కూడికలో దాగి ఉన్న నమ్మకాన్ని మీరు గుర్తించాలి. నాయకుడు పార్టీ మారితే ఆయనకు పడిన ఓట్లు కూడా సంచిలో వేసుకొని వెంట తీసుకువెళతాడన్నది ఆ నమ్మకం. 2018లో నాగంకు ఓటు వేసినవారిలో ఆయన కోసం వేసినవారు ఉంటారు, కాంగ్రెస్ గుర్తు కోసం వేసినవారు ఉంటారు, అప్పటి ప్రభుత్వంపై కోపంతో వేసినవారూ ఉంటారు. ఆయన పార్టీ మారినప్పుడు ఈ మూడు రకాలవారూ ఒకే దారి పట్టాలని ఏముంది? మన నియోజకవర్గ అంచనాలలో ఎక్కువ భాగం ఓటరును నాయకుని ఆస్తిపాస్తుల జాబితాలో రాస్తాయి. వాటిపై నాకున్న మొదటి ఫిర్యాదు ఇదే.

తప్పు కాలేని మాటలు

రెండవ ఫిర్యాదు భాషకు సంబంధించినది. జిల్లా పేజీలు తిరగేస్తూ ఈ మాటలను గమనించండి: ‘నువ్వా నేనా అన్నట్లు పోరు’, ‘హోరాహోరీ’, ‘స్వల్ప మొగ్గు’, ‘చాప కింద నీరులా’, ‘గాలి మారుతోంది’. చదువుతున్నప్పుడు ఏదో తెలిసినట్లే ఉంటుంది. ఫలితం వచ్చాక ఆ కాగితాన్ని మళ్ళీ తీసి చూడండి. ఎవరు గెలిచినా ఆ వాక్యాలు నిజమైనట్లే ఉంటాయి. చాప కింద నీరులా వచ్చిన అభ్యర్థి గెలిస్తే ‘ముందే చెప్పాం’ అంటారు. ఓడితే నీరు చాప దాటి రాలేదు, అంతే. ఎట్టి పరిస్థితిలోనూ తప్పు అని తేలడానికి వీలులేని వాక్యం అంచనా కాదు, అలంకారం మాత్రమే. అలంకారాన్ని అలంకారంగా మెచ్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

వీటిలో ‘గాలి’ అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. గాలికి కారణాలు అడగరు. ఎటు నుండి వచ్చింది, ఎవరి ఇంటిని తాకింది, ఎవరి ఇంటిని తాకలేదు అని అడగరు. పింఛను రాని వృద్ధురాలు, పంటకు నీరు కోసం చూస్తున్న రైతు, హైదరాబాదులో కూలిపని చేస్తూ ఓటు కోసం బస్సెక్కి వచ్చిన మనిషి, వీరందరి వేరువేరు లెక్కలనూ ఆ ఒక్క మాట ఊడ్చేస్తుంది. వలస జిల్లాగా పేరుపడిన పాలమూరులో ఈ చివరి మనిషిని మరవడం చిన్న పొరపాటు కాదు. సర్వే చేసేవారు పగటిపూట ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఊళ్ళో ఉండరు, పోలింగు రోజున ఉంటారు.

పేరు పెట్టి చెప్పినవారు

ఈ మబ్బు మాటలతో పోలిస్తే, పేరు పెట్టి చెప్పి పొరబడినవారిపై నాకు గౌరవం ఎక్కువ. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగింది. మాజీ ఎం.పి. లగడపాటి రాజగోపాల్ తన సర్వేల ఆధారంగా ప్రజాకూటమికి 65 స్థానాలు, టి.ఆర్.ఎస్.కు 35 స్థానాలు, అటూ ఇటూ పది తేడాతో వస్తాయని ప్రకటించారు. అంతకుముందే కొన్ని స్థానాలలో స్వతంత్రులు, చిన్న పార్టీల అభ్యర్థులు గెలుస్తారని చెప్పి, ఆ స్థానాలను పేర్లతో సహా వెల్లడించారు. వాటిలో పాత పాలమూరు జిల్లాకు చెందిన నారాయణపేట, మక్తల్ కూడా ఉన్నాయి. రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం మరొకటి. డిసెంబరు 11న లెక్క తేలింది. టి.ఆర్.ఎస్.కు 88 స్థానాలు వచ్చాయి. నారాయణపేట, మక్తల్, ఇబ్రహీంపట్నం మూడూ ఆ పార్టీకే దక్కాయి.

అపహాస్యం చేయడం సులభం. అప్పట్లో అందరూ చేశారు. కాని విమర్శకులుగా మీరు ఇంకొక అడుగు వేయాలి. ఇబ్రహీంపట్నంలో టి.ఆర్.ఎస్. అభ్యర్థి గెలిచినది కేవలం 376 ఓట్లతో. అక్కడ పోటీ ఎంత దగ్గరగా ఉందో సర్వే సరిగానే పసిగట్టి ఉండవచ్చు. తప్పు జరిగింది, ఆ దగ్గరితనాన్ని దాచి ఒక పేరును ఖాయంగా ప్రకటించడంలో. మిగిలిన రెండు చోట్ల ఆ సాకు లేదు. ఒకే రచయిత చేసిన మూడు తప్పులు ఒకే రకమైనవి కానక్కరలేదని దీనివల్ల తెలుస్తుంది. వాటిని వేరుచేసి చూడడమే మీ పని.

ఇప్పుడు అదే ఎన్నికలో మరొక ఉదాహరణ చూడండి. ఆక్సిస్ మై ఇండియా సంస్థ పోలింగు ముగిశాక టి.ఆర్.ఎస్.కు 79 నుండి 91 స్థానాలు ఇచ్చింది. వచ్చినవి 88. రాష్ట్రం మొత్తం మీద ఇంత దగ్గరగా చెప్పగలిగినవారు ఒక్కొక్క స్థానాన్ని కూడా ఇంతే కచ్చితంగా చెప్పగలరని మీరు అనుకోవచ్చు. అలా కాదు. ఇందులో ఉన్న గణితం చిన్నదే. 119 నియోజకవర్గాలలో ఒక్కో దానిలో 400 మంది చొప్పున, ఎవరినీ ఏరుకోకుండా యాదృచ్ఛికంగా అడిగారనుకొందాం. మొత్తం 47,600 మంది. రాష్ట్రస్థాయి ఓట్ల శాతంలో పొరపాటు అర శాతం లోపే ఉంటుంది. కాని నాగర్‌కర్నూల్‌కు వచ్చేసరికి మన చేతిలో ఉన్నవారు ఆ 400 మందే. అక్కడ ఒక అభ్యర్థి ఓట్ల శాతంలో పొరపాటు దాదాపు ఐదు శాతం. ఇద్దరు అభ్యర్థుల మధ్య తేడాను చూస్తే అది ఇంచుమించు రెట్టింపు అవుతుంది. 2023లో గెలిచిన అభ్యర్థికి, ఓడిన అభ్యర్థికి మధ్య తేడా, వారిద్దరి ఓట్లనూ కలిపి చూస్తే, సుమారు మూడు శాతం. 400 మందిని అడిగిన సర్వేకు ఆ తేడా కంటికి ఆనదు.

పైగా మొత్తం అంకెలో తప్పులు ఒకదానినొకటి కప్పుకొంటాయి. ఒక చోట ‘ఎ’ పార్టీ ఓడుతుందనుకొంటే గెలుస్తుంది, మరొక చోట గెలుస్తుందనుకొంటే ఓడుతుంది. మొత్తం మారదు. ఒకే స్థానంలో అలా కప్పుకోవడానికి రెండవ తప్పు ఉండదు.

అమెరికా సెనేట్ దగ్గర

ఒక్కో స్థానానికి ఒక్కో పేరు చెప్పే పనిని అమెరికాలో సెనేట్ ఎన్నికలప్పుడు ఎంతో పకడ్బందీగా చేస్తారు. సెనేట్‌లో 100 మంది సభ్యులు, రాష్ట్రానికి ఇద్దరు, పదవీకాలం ఆరేళ్ళు. రెండేళ్ళకొకసారి దాదాపు మూడవ వంతు స్థానాలకు ఎన్నికలు వస్తాయి. కుక్ పొలిటికల్ రిపోర్ట్ వంటి ప్రచురణలు ఒక్కో స్థానాన్ని ‘సాలిడ్’, ‘లైక్లీ’, ‘లీన్’, ‘టాస్-అప్’ అని వర్గీకరిస్తాయి. మన ‘స్వల్ప మొగ్గు’కు, వారి ‘లీన్’కు తేడా ఏమిటని మీరు అడగవచ్చు. వారు అన్ని స్థానాలకూ ఒకే కొలమానం వాడతారు, ఎన్నిక తరువాత ఎన్ని ‘లీన్’లు నిలిచాయో ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

నేట్ సిల్వర్ ఇంకా ముందుకు వెళ్ళి ప్రతి స్థానానికీ సంభావ్యతను అంకెలలో చెప్పారు. 2012లో అధ్యక్ష ఎన్నికలో యాభై రాష్ట్రాల ఫలితాన్నీ ఆయన సరిగా చెప్పగలిగారు. అదే రోజు జరిగిన 33 సెనేట్ స్థానాలలో మాత్రం రెండు తప్పాయి, నార్త్ డకోటా, మోంటానా. నార్త్ డకోటాలో రిపబ్లికన్ అభ్యర్థి గెలిచే అవకాశం 90 శాతానికి పైగా ఉందన్నారు. డెమొక్రాట్ అభ్యర్థి హైడీ హైట్‌కాంప్ 3 వేల లోపు ఓట్లతో గెలిచారు. రెండూ జనాభా తక్కువ ఉన్న రాష్ట్రాలే. అంత సాధన సంపత్తి ఉన్నచోట కూడా కాలు జారింది చిన్న చోట్లనే. తొంభై శాతం అంటే పదింటిలో ఒకటి తప్పుతుందని ఒప్పుకోవడమే కనుక, ఆ ఒక్క ఫలితాన్ని చూపి పద్ధతి మొత్తాన్ని కొట్టివేయలేం. మన జిల్లా పేజీల అంచనాకు ఈ రక్షణ లేదు. అది ఎంత నమ్మకంతో చెబుతున్నదో ఎప్పుడూ చెప్పదు.

మన దేశంలో సెనేట్‌కు దగ్గరగా నిలిచేది రాజ్యసభ. 1913లో పదిహేడవ రాజ్యాంగ సవరణ వచ్చే వరకు అమెరికా సెనేటర్లను కూడా రాష్ట్ర శాసనసభలే ఎన్నుకొనేవి. రాజ్యసభ విషయంలో కూడిక నిజంగానే పనిచేస్తుంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ నుండి మూడు స్థానాలకు ఎన్నిక వచ్చింది. 119 మంది సభ్యులున్న సభలో ఒక్కో స్థానానికి 30 మంది మద్దతు కావాలి. కాంగ్రెస్‌కు 64 మంది, బి.ఆర్.ఎస్.కు 39 మంది ఉన్నారు. రెండు వారికి, ఒకటి వీరికి. రేణుకా చౌదరి, అనిల్ కుమార్ యాదవ్, వద్దిరాజు రవిచంద్ర పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఇంత తేట లెక్కలో కూడా ముందుగా చెప్పగలిగినది పార్టీల వాటానే. పేర్లు ఆ పార్టీలు ప్రకటించాకే తెలిశాయి.

ఓటరుకు దీనితో పనేమిటి?

చట్టం ఈ అంచనాలను కొంతవరకు కట్టడి చేస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షను ప్రకారం పోలింగు మొదలైన సమయం నుండి చివరి దశ ముగిసిన అరగంట వరకు ఎగ్జిట్ పోల్ ఫలితాలను వెల్లడించరాదు. పోలింగు ముగిసే గడువుకు ముందు 48 గంటలలో అభిప్రాయ సర్వేల ఫలితాలను టెలివిజన్ వంటి మాధ్యమాలలో ప్రసారం చేయరాదు. కాని బిజినేపల్లి బస్టాండు దగ్గర టీ కొట్టులో నడిచే మాటలకు ఏ సెక్షనూ వర్తించదు. ‘ఫలానా ఆయనే గెలుస్తాడంట, ఇంకొకరికి వేస్తే ఓటు మురిగిపోతది’ అనే మాట మీరు తప్పక విని ఉంటారు. ఆ ‘అంట’ ఎక్కడి నుండి వచ్చిందని అడిగితే ఏదో ఒక పత్రిక క్లిప్పింగు, లేదా ఎవరో ఫోనులో పంపిన సర్వే బయటపడుతుంది.

2023లో నాగర్‌కర్నూల్‌లో గెలిచిన పక్షానికి ఓటు వేసినవారిలో 2,700 మంది అటువైపు వేసి ఉంటే ఫలితం మారిపోయేది. ఒక్క బిజినేపల్లి మండలంలోనే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ మంది ఓటర్లున్నారు. 54 వేల ఆధిక్యాన్ని చూసి ‘ఇక్కడ అయిపోయింది’ అని ఎవరైనా రాసి ఉంటే, ఆ వాక్యం నమ్మి ఇంట్లో ఉండిపోయినవారు ఏ పక్షం వారైనా నష్టపోయినవారే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ నియోజకవర్గంపై గత శాసనసభ ఎన్నికలకు ముందు వచ్చిన ఒక అంచనా వ్యాసాన్ని గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసి సంపాదించండి. అందులో ఫలితం ఏదైనా నిజమయ్యే వాక్యాల కింద గీత గీయండి. మిగిలిన వాక్యాలను విడిగా రాసుకొని, ఒక్కొక్కటి ఎవరిని అడిగి, ఎంతమందిని అడిగి రాసినదో వ్యాసంలోనే ఉందేమో వెదకండి. ఆ తరువాతే అసలు ఫలితంతో పోల్చండి. మీ విశ్లేషణ రెండు పుటలకు మించకూడదు.