తోట లేని కోట

మా వల్లూరు ఒకప్పుడు రాజధాని అంటే కొత్త చుట్టాలు నవ్వుతారు. కాకతీయుల నాటి కాయస్థ ప్రభువులు, గంగయ సాహిణి మొదలు అంబదేవుడి దాకా, ఇక్కణ్ణించే ఏలారు. ఏం లాభం? చూపించడానికి ఒక్క మేడ లేదు. అందుకని ఇంటికొచ్చిన వాళ్ళను పుష్పగిరికో, గండికోటకో తోలుకుపోవడం మా మర్యాద.

మొన్న వియ్యంకుడుగారి కుటుంబం వస్తే గండికోటకే బయలుదేరాం. మా మనవడూ వెంటబడ్డాడు. జమ్మలమడుగు దాటి కోట చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అందరూ నేరుగా పెన్న లోయ అంచుకు పరుగు. లోయకు వీపు పెట్టి ఫోటోలు దిగడం, వెనక్కి రావడం! 'ఇండియా గ్రాండ్ క్యాన్యన్' అట. మన పెన్నకు అమెరికా చుట్టరికం కలిపితే గానీ గౌరవం దక్కదు కాబోలు.

నా ఓటు మాత్రం ఊళ్ళో నిలబడ్డ పావురాల గోపురానికి. జనం చార్మినార్ అంటారు. హైదరాబాదు చార్మినారు ముందు ఇది చంటిబిడ్డే, అయినా ఆ జల్లెడ కిటికీల పనితనం చూడండి! గాలికి దారిచ్చి ఎండను వాకిట్లోనే ఆపేస్తాయి. పక్కన ఇటుకలతో కట్టి గచ్చు సొగసులు అద్దిన రాజమహలు కూలి గుట్టలైంది. ధాన్యపు కొట్టు గట్టిదే, కానీ అందమనే మాట దానికి పట్టలేదు. మాధవరాయస్వామి గుడి స్తంభాల దగ్గర గంటసేపు నిలబడొచ్చు. గర్భగుడిలోకి తొంగిచూస్తే మాత్రం చీకటి తప్ప స్వామి లేడు.

విగ్రహాల మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి. 1650లో మీర్ జుమ్లా పెమ్మసాని చినతిమ్మానాయుడి నుంచి ఈ కోట పట్టుకున్నాడు. 1652లో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాసిపెట్టాడు: గుళ్ళలోని రాగి విగ్రహాలన్నీ పోగేసి ఫిరంగులు పోయమన్నారట. ఈ కోటలోని ఆరు మూర్తులు ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారుల మంత్రమో, పనివాడి చేతకానితనమో! నాకైతే చేతకానితనం మీదే అనుమానం. ఆ చేతకానితనానికి మాత్రం దండం పెట్టాలనిపిస్తుంది.

ఇదంతా వియ్యంకుడుగారికి దర్జాగా చెప్తుంటే మనవడు అడ్డం వచ్చాడు.

"జేజినాయనా, రాజులకు తోట ఉండేదంటివే. యాడుంది?"

నా నోరు పడిపోయింది. పెన్న ఒడ్డున పారేబాగ్ అనే తోట, రెండు మేడలు, ఒక జలపాతం ఉండేవనీ, రాయల చెరువు నుంచి గొట్టాల్లో నీళ్ళు పారి అక్కడ చిమ్మేవనీ పుస్తకాల్లో చదివినవాణ్ణే. యాభై ఏళ్ళుగా వస్తున్నాను. ఒక్కనాడైనా ఆ తోట జాడ వెతకలేదు. బురుజులూ ఫిరంగులూ ఎవరెవరిని గెలిచారో చెప్తాను గానీ, నీళ్ళు ఏ దారిన నడిచాయో చెప్పలేను. ఇన్నాళ్ళూ లోయ అంచున ఫోటో దిగేవాళ్ళను వెక్కిరించిన నేను చూసిందీ సగం కోటే!

నిజానికి గోడ కట్టడం కంటే ఆ బండల మీద తోట పెంచడమే గొప్ప విద్య. గోడకు రాళ్ళు చాలు, కొండ నిండా ఉన్నాయి. పూలమొక్కకు ఏడాది పొడుగునా నీళ్ళు కావాలి. సీమలో ఆ మాట ఎవరికీ వివరించనక్కర్లేదు. ఆ నీటి లెక్క వేసిన పనివాడి పేరు ఏ శాసనంలోనూ నా కంటబడలేదు.

"తెలీదురా," అన్నాను.

"అట్లయితే చెరువుకాణ్ణించి చూసుకుంటా పోదాం పా," అన్నాడు వాడు.

రాయల చెరువు గట్టున ఇద్దరం వంగి వంగి రాళ్ళ సందులు చూస్తున్నాం. పైన రోడ్డు మీద వియ్యంకుడుగారి కారు హారను మోగుతూనే ఉంది. ఆయనకు అన్నం వేళ మించిపోతోంది.