శక్తి అంటే సరిపోయిందా?

పిల్లలకి సైన్సు చెప్పడం గురించి మన తల్లిదండ్రులందరూ చదవవలసిన ఉపన్యాసం ఒకటుంది. 1966లో న్యూయార్కులో, అమెరికా సైన్సు టీచర్ల జాతీయ సంఘం సభలో, రిచర్డ్ ఫైన్‌మన్ చేసినది. అంతకు ముందు ఏడే ఆయనకి నోబెల్ బహుమానం వచ్చింది. ఉపన్యాసం పేరు ‘సైన్సు అంటే ఏమిటి?’

అందులో ఆయన ఒకటో తరగతి పుస్తకం ఒకదాన్ని చీల్చి చెండాడేరు. కీ ఇస్తే నడిచే ఆట కుక్క, నిజం కుక్క, మోటారు సైకిలు బొమ్మలు వేసి, ఇవి దేనివల్ల కదులుతున్నాయని అడుగుతుందా పుస్తకం. జవాబు: శక్తి వల్ల. దీంతో పిల్లవాడికి వచ్చినది ఒక్క మాట, అంతే. ఆట కుక్కని విప్పి లోపలి స్ప్రింగు, పళ్ళ చక్రాలు చూపించమంటారు ఫైన్‌మన్. ఆయన పెట్టిన పరీక్ష చిన్నది: కొత్తగా నేర్చిన మాట వాడకుండా, నేర్చినదేమిటో సొంత మాటల్లో చెప్పాలి.

ఈ పరీక్షలో మన డాక్టర్లూ, ఇంజనీర్లూ ఎంతమంది నెగ్గుతారు? పిల్ల ఏదడిగినా ‘గ్రావిటీ’ అనో ‘ఇనర్షియా’ అనో ఒక మాట పారేసి మన పనిలో పడిపోతాం. ఫైన్‌మన్ తండ్రి శాస్త్రవేత్త కాదు, యూనిఫారాల వ్యాపారంలో ఉన్న మనిషి. బండి లాగితే అందులో బంతి వెనక్కెందుకు దొర్లిందని కొడుకు అడిగితే, ఆగి ఉన్న వస్తువు ఆగి ఉండాలనే చూస్తుంది, దాన్ని జడత్వం అంటారు, ఎందుకలాగో మాత్రం ఎవరికీ తెలియదు అన్నారట. తెలియదనడానికి జంకలేదు.

ఒక్క చోట ఈ ఉపన్యాసం మనకి చాలదు. పక్షి పేరు ఎన్ని భాషల్లో తెలిసినా పక్షి గురించి తెలిసినట్టు కాదని ఆ తండ్రే చెప్పేరు. నిజమే. మాటలూ నేర్పాలని ఫైన్‌మన్ ఒప్పుకున్నారు కూడా. కాని ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష ఉన్న పిల్లలు ఆయన లెక్కలో లేరు. మన పిల్లలకి తెలుగు అన్నానికీ, దండానికీ. ‘ఎందుకు’ అన్నది ఇంగ్లీషులో. ఇలాగే సాగితే తెలుగు వంటింటి గడప దాటదు.

సరే, వంటింట్లోనే మొదలు పెడదాం. చలికాలంలో పెరుగు తోడుకోదేం? ఒకే గోరువెచ్చని పాలు, ఒకే తోడు, రెండు గిన్నెలు. ఒకటి బల్ల మీద, రెండోది లోపలి దీపం మాత్రమే వేసిన అవెన్లో. పొద్దున్నే పిల్లల్నే చూడమనండి. తోడులోని సూక్ష్మజీవులకి వెచ్చదనం కావాలనీ, అవి పాలలోని చక్కెరని పులుపుగా మారిస్తేనే పాలు గడ్డకడతాయనీ వాళ్ళు చూసేక చెప్పండి. ‘బేక్టీరియా’ అన్న మాట ఆఖర్న.

ఫైన్‌మన్ అడిగిన ‘సొంత మాటలు’ మన ఇళ్ళల్లో తెలుగు మాటలే ఎందుకు కాకూడదు?