ఉరికేటోడి ఇల్లు

ఈ పుస్తకం రాతప్రతి నా చేతికందిన సాయంత్రం మా ఇంట్లో ఒక ప్రశ్న పుట్టింది. నేను పైకి చదువుతుంటే మా ఇంటావిడ వంటింట్లోంచే అడిగింది: "ఆయన ఉరికితే మంది పైసలెందుకియ్యాలె?" జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల బడుల్లో ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని. అయినా ఆ మాటకు అప్పుడు జవాబు తోచలేదు. పుస్తకం రెండుసార్లు చదివాక తోచింది. పీఠిక రాయమని ఈ పుస్తకం రాసిన నా శిష్యుడు అడిగినప్పుడు, ఆ జవాబే రాస్తానని ఒప్పుకున్నాను.

ఆమె అడిగింది గ్యారీ మెకీ గురించి. ఇంగ్లండు వాయవ్యాన కంబ్రియా ప్రాంతంలో క్లీటర్ మూర్ అనే చిన్న ఊరు ఆయనది. సెల్లాఫీల్డ్ అణుకేంద్రంలో ఉద్యోగం, ముగ్గురు పిల్లలు. 2022లో ఆయనకు 53 ఏళ్లు. ఆ ఏడు జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా ఒక్క రోజూ విడవకుండా రోజుకో మారథాన్ పరుగెత్తాడు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇంచుమించు కోరుట్ల నుంచి జగిత్యాలకు ఉరికిపోయి, మళ్లీ కోరుట్లకు ఉరికి రావడం. అట్లా 365 రోజులు. మొత్తం 15,400 కిలోమీటర్లు. ఇరవైకి పైగా జతల బూట్లు అరిగాయి. చాలా రోజులు పరుగు ముగించుకుని పనికి వెళ్లాడు. ఏడాది ముగిసేసరికి మంది ఇచ్చిన చందాలు పది లక్షల పౌండ్ల లక్ష్యం దాటాయి. అప్పటి మన లెక్కలో దగ్గర దగ్గర పది కోట్ల రూపాయలు. ఆ సొమ్ము రెండు సంస్థలకు వెళ్లింది. ఒకటి క్యాన్సర్ రోగులను ఆదుకునే మాక్మిలన్ సంస్థ. రెండోది, నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లకు ఇంటికే వచ్చి సేవచేసే వెస్ట్ కంబ్రియా హాస్పిస్ ఎట్ హోమ్. 1997లో తన తండ్రికి క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి ఆయన మనసు ఇటు మళ్లింది. 2022 పరుగు ఒక్కరోజులో పుట్టిన ఉత్సాహం కాదు. 2017లో వంద రోజుల్లో వంద మారథాన్లు చేశాడు. 1911లో మొదలైన మాక్మిలన్ సంస్థకు 110 ఏళ్లు నిండాయని 2021లో 110 రోజుల్లో 110 చేశాడు.

ఇప్పుడు మా ఇంటావిడ ప్రశ్న.

నేను సిరిసిల్లలో పనిచేసిన రోజుల్లో నేతన్నల ఆత్మహత్యల వార్తలు వచ్చేవి. సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగిపోయిన గల్లీలో నడుస్తుంటే గుండె మీద రాయి పెట్టినట్టుండేది. చావు జరిగిన వారం మేం ఉపాధ్యాయులం తలా ఇంత వేసుకుని ఆ ఇంటికి ఇచ్చి వచ్చేవాళ్లం. కళ్లలో నీళ్లు నిజమే, ఇచ్చిన చందా నిజమే. కానీ నెల తిరిగేసరికి మేం మా పరీక్షల్లో, మా బదిలీల్లో పడిపోయేవాళ్లం. ఆ ఇంటికి మాత్రం నెల తిరిగాకే అసలు కష్టం మొదలయ్యేది. పిల్లల ఫీజు, మిత్తి, అద్దె అన్నీ అప్పుడే గుమ్మం ముందు నిలబడేవి. మాకు దయ లేక కాదు, గుర్తుచేసేవాళ్లు లేక అట్లా జరిగింది. ఆ సంగతి ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు.

రోజూ పరుగెత్తేవాడు ఆ గుర్తుచేసే పని చేస్తాడు. వానలో, చలిలో, పండగపూట కూడా అతను వీధిలో కనిపిస్తాడు. కనిపించిన ప్రతిసారీ మంచాన పడ్డ ఎవరో ఒకరు యాదికొస్తారు. మంది పైసలిచ్చేది ఆ యాదికి. ఇది మనకు కొత్త సంగతేం కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్న రోజున వినోబా భావే అక్కడికి కాలినడకన వచ్చారు. అక్కడ మొదలైన భూదానం కోసం ఆయన పదమూడేళ్లకు పైగా దేశమంతా నడిచారు. కాళ్లకు దుమ్ముతో వచ్చి అడిగిన మనిషికి లేదనడం కష్టం. కొండగట్టు అంజన్నకు కాలినడకన పోయే దీక్షాపరులను చూడండి. వాళ్లు ఊరు దాటేటప్పుడు పిలిచి నీళ్లిచ్చి, అరటిపండ్లిచ్చే ఇళ్లు ఎన్ని లేవు! వాళ్లెవరో ఇచ్చేవాళ్లకు తెలియదు. ఆ నడక తెలుసు, అంతే.

ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన అధ్యాయం టెర్రీ ఫాక్స్‌ది. క్యాన్సర్ వల్ల కుడికాలు పోయిన కెనడా కుర్రవాడు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలుతో పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాక జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. మరుసటి ఏడు జూన్ 28న కన్నుమూశాడు. అప్పటికింకా 23 ఏళ్లు నిండలేదు. దేశంలో ఉన్న ప్రతి మనిషీ ఒక్క డాలరు ఇవ్వాలన్నది అతని కోరిక. దాని గురించి రాస్తూ నా శిష్యుడు మన ఇళ్లలో పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటును తలుచుకున్నాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మెకీ పరుగులాంటి, ఒక్క పూటా తప్పని రోజు లెక్క అంటే ఏమిటో మన కోరుట్ల ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి వెయ్యి బీడీలు చుడితేనే ఆ రోజు కూలి. జ్వరమొచ్చినా, బిడ్డ ఏడ్చినా వెయ్యి వెయ్యే. సిరిసిల్లలో సాంచెల మధ్య తెగిన పోగు వెతుక్కుంటూ పన్నెండు గంటలు తిరిగే కార్మికుడు ఎన్ని మైళ్లు నడుస్తాడో ఎవరూ కొలవలేదు. దుబాయిలో, మస్కట్‌లో ఎండకు మాడుతూ నెలనెలా ఇంటికి పైసలు పంపే మన జగిత్యాల పిల్లల కష్టమూ అంతే. మెకీ కథ మనకు దూరదేశపు కథలా అనిపించకపోవడానికి కారణం ఇదే. ఆ ఓర్పును మనం రోజూ మన ఇళ్లలోనే చూస్తున్నాం.

నా శిష్యుడు కూడా ఉరుకుతాడు. మెకీ అంత కాదు, పొద్దున ఐదు కిలోమీటర్లు. కిలోమీటరుకు ఇంత అని డబ్బా వేసి, పోగైంది మంచాన పడ్డ రోగుల మందులకు ఇస్తాడు. అతనికి బడి ఉంది, ఇద్దరు చిన్నపిల్లలున్నారు, కీళ్లనొప్పులతో తల్లి ఉంది. మొదటి రాతప్రతిలో ఈ ఇంటి సంగతి నాలుగు వాక్యాల్లో తేలిపోయింది. నేను కోపపడ్డాను. "నువ్వు నాలుగున్నరకు లేచి తలుపు తీసుకుని పోతే, లేచిన పిల్లను మళ్లీ జోకొట్టేది ఎవరు? నీళ్లు పట్టేది ఎవరు? అవ్వకు మందు ఇచ్చేది ఎవరు? అది రాయకుంటే నేను ముందుమాట రాయను" అన్నాను. అతను తల వంచుకుని వెళ్లాడు. పది రోజులకు తిరిగి తెచ్చిన ప్రతిలో ఒక కొత్త అధ్యాయం ఉంది. అది అతను రాసింది కాదు, అతని భార్య, నాకు కోడలి వరస, ఆమె రాసింది.

ఆ పేజీల గురించి నేను ఎక్కువ చెప్పను, చదువుకోండి. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. వారంలో రెండు పొద్దులు ఆమెవి. ఆ రెండు రోజులు ఇతను పొయ్యి దగ్గర ఉంటాడు, పిల్లల జడలు వేస్తాడు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత కుట్టుమిషన్ ముందు కూర్చుంటుంది, లేదంటే నిద్రపోతుంది. ఈ ఒప్పందం కుదరడానికి ఏడాదిన్నర పట్టిందట. పుస్తకంలోని దాతల పట్టికలో మొదటి పేరు ఆమెదే ఉండాలన్నాను. అతను అప్పటికే అట్లాగే వేశాడు.

కుర్రవాళ్లు ఇది చదివి రేపే రోడ్డెక్కుతారని తెలుసు. వాళ్లకు పెద్దవాడిగా కొన్ని మాటలు చెప్పాలి. కోరుట్ల–జగిత్యాల మధ్య జాతీయ రహదారి 63 మీద చీకట్లో పరుగెత్తకండి. మామిడి కాలంలో చల్‌గల్ మార్కెట్ వైపు పోయే లారీలకు మీరు కనబడరు. ఊరి కాలేజీ గ్రౌండు మేలు. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, పొద్దు పొడవకముందే ఇంటికి చేరాలి. మోకాలు నొప్పి పెడితే ఆ రోజు నడవండి. మెకీ ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్న శరీరంతో దిగాడని మరచిపోవద్దు. డబ్బు లెక్క వారం వారం గోడ మీద అంటించండి. ఇచ్చినవాడు అడగకముందే కనబడాలి.

భాష విషయంలో నా శిష్యుణ్ని మెచ్చుకోవాలి. ఇంగ్లండు మనిషి గురించి రాస్తూ కూడా మన ఊరి మాట విడువలేదు. పరుగును ఉరుకు అన్నాడు, జ్ఞాపకాన్ని యాది అన్నాడు. అక్కడక్కడ అంకెలు ఎక్కువయ్యాయని నాకు అనిపించింది. అవి తీసేస్తే ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పినట్టు కాదని అతను వాదించాడు. ఆ వాదన నాకు నచ్చింది.

మొదటి ప్రతి కోడలి చేతికి ఇమ్మన్నాను. తర్వాతి మూడు నేను కొంటాను, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రంథాలయాలకు. మా ఇంటావిడ తన పోపుల డబ్బాలోంచి రెండు వందలు తీసి ఈ కాగితాల మీద పెట్టింది. వచ్చే నెలవి కూడా అడగమని చెప్పింది.