మోటారు చుట్టే చేతులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో బోరు మోటారు కాలితే రైతు పరుగెత్తేది వైండింగ్ షాపుకే. నీళ్లలో మునిగి తిరిగే యంత్రమది; రాగి తీగ మీది ప్లాస్టిక్ పొర కాస్త గీసుకున్నా తేమ చొరబడి మళ్లీ కాలుతుంది. స్లాటు అంచు తగలనీయకుండా ఒక్కో చుట్టునూ లాగే ఆ ఓపికే అసలు విద్యంటాను. మూడు ఫేజుల్లో చుట్లు సమంగా పడకపోతే ఒక ఫేజు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

తిరిగి చుట్టిన మోటారు కరెంటు ఎక్కువ తింటుందనే అభ్యంతరం ఉంది. సన్న తీగ వేసినా, చుట్ల లెక్క మార్చినా అది నిజమే. పాత లెక్కకు కట్టుబడి, స్టాంపింగులు (కోరు ఇనుప రేకులు) దెబ్బతినకుండా చుడితే తేడా స్వల్పం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అయినా కరెంటు ఉంటే చాలదు; కాలిన మోటారు బాగయ్యేదాకా వేరుశనగ చేను ఆగదు. షాఫ్టు, పంపు బాగుండి తీగ మాత్రమే కాలినప్పుడు అప్పుచేసి కొత్తది కొనాల్సిన అవసరాన్ని తప్పించేది ఈ వైండింగ్ మెకానిక్కే.